బొటనవేలంత మైసమ్మ

నిజమైన మట్టిని అతికిస్తే అది మట్టిలా కనిపించదు. ఈ పని మొదలుపెట్టాక నాకు తెలిసిన మొదటి సంగతి ఇది.

బల్ల మీద చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలు ఆడే ఆట ఒకటుంది. బొమ్మ ఎత్తు బొటనవేలంత. అది నిలబడడానికి పాత రూపాయి బిళ్లకన్నా కొంచెం వెడల్పైన పీట ఉంటుంది. చాలామంది శ్రద్ధంతా బొమ్మ మీద పెట్టి, పీటకు కాస్త ఆకుపచ్చ పూసి వదిలేస్తారు. నాకేమో బొమ్మ మీద కన్నా పీట మీదే ఆసక్తి. అరచేతిలో సగం కూడా లేని చోట, చూసినవాడు "ఇది నేల" అని నమ్మేలా నేలను పుట్టించడం ఎట్లా? ఆ ప్రశ్న పట్టుకుంది నన్ను.

మా ఇల్లు శంషాబాద్ పక్క ఊళ్లో. ఇంటి వెనక ఎర్ర చెల్క మట్టి కావలసినంత ఉంది. తెచ్చి, జల్లెడ పట్టి, పురుగూ పుట్రా చావాలని అమ్మ పాత మూకుడులో వేయించడం మొదలుపెట్టాను. అమ్మ వచ్చి చూసింది.

"ఏంది రా, మన్ను ఏంపుతున్నవా?"

"అవునమ్మా. జర సేపే."

"పోపు గిట్ల పెట్టాల్నా?"

ఆ మట్టిని జిగురు మీద చల్లి ఆరబెడితే నానిన చాయపత్తిలా నల్లబడింది. జిగురు తాగి రంగు మారిపోయింది. పైగా మన కాలికింద తగలని ఇసుక రేణువు ఆ సైనికుడి పక్కన కంకర రాయంత ఉంది. మట్టిని ఇంకా మెత్తగా దంచి చూశాను, జిగురు పలచన చేసి చూశాను. చివరికి తేలింది ఏమిటంటే, ఆ మట్టి మీద మళ్లీ మట్టి రంగు వేయాలి. అప్పుడే అది మట్టి.

నేను విమానాల మరమ్మతు షెడ్డులో రంగుల విభాగంలో పనిచేస్తాను. ఏ పూత కింద ఏ పూత ఉంది, ఒక్కోటి ఎంత మందం, ఏది ఆరాక ఏది వేయాలి, రోజంతా ఇదే ధ్యాస. అందుకేనేమో ఏ వస్తువును చూసినా నాకు పొరలుగా కనిపిస్తుంది. పక్క బెంచీలో పనిచేసే మిత్రుడిది విజయవాడ వైపు. బొమ్మలకు రంగులు వేయడం వాడి పిచ్చి, పీటలు నా పిచ్చి. ఇద్దరం కలిసి ఒకటి తయారుచేద్దామనుకున్నాం. నగరంలో ఒక హాల్లో మాలాంటి వాళ్లందరూ ఒక ఆదివారం కలిసి తమ పనులు బల్లల మీద పెడతారు. బొమ్మనూ పీటనూ కలిపే చూసి బహుమతి ఇస్తారు అక్కడ.

వాడు నెలల తరబడి ఒక కాపలా సైనికుడి మీద కూర్చున్నాడు. బెల్టు కుట్లు, ఈటె కర్రలో చారలు, ఆఖరికి కనుగుడ్డులో వెలుగు చుక్క కూడా పెట్టాడు. సైనికుడి ఎడమ మోకాలు వంగి, పాదం గాల్లో ఉంది.

"ఈ కాలి కింద ఒక రాయి కావాలిరా. వాడు దాని మీద కాలేసి దూరంగా చూస్తుంటాడన్నమాట," అన్నాడు. "మంచి రాయి చెయ్యి."

సరేనని మొదట నిజమైన నల్లరాయి ముక్క పెట్టి చూశాను. రోడ్డు మీద పోసే కంకరలా ఉంది. రాతిలోని మెరిసే పలుకులు ఆ సైనికుడి పిడికిలంత ఉంటే ఎవడు నమ్ముతాడు? అప్పుడు విడిభాగాల పెట్టెల్లో వచ్చే గట్టి ఫోమ్ ముక్క తీసుకుని చెక్కాను. నలిపిన వెండి కాగితాన్ని ఉండచేసి దాని మీద అదిమితే రాతి గరుకుతనం వస్తుంది. రంగుల కోసం వీడియోలు చూశాను. అందరి రాళ్ల మీదా పచ్చటి నాచు, లేకపోతే మంచు. మన దగ్గర ఏ రాయి మీద మంచు కురిసింది?

కాబట్టి మన రాళ్లనే చూడడం మొదలుపెట్టాను. పుట్టినప్పటి నుంచీ చుట్టూ ఉన్న గుండ్లే, కానీ ఎప్పుడూ చూడలేదు. వాన నీళ్ల నల్ల చార గుండు నెత్తి నుంచి మొదలవదు, కొంచెం కిందికి, అంచు వంగిన చోట మొదలవుతుంది. నేలకు ఆనుకుని జానెడు ఎత్తు వరకు ప్రతి గుండూ ఎర్రగా ఉంటుంది. వాన చినుకు నేలను కొట్టి మట్టిని పైకి చిమ్ముతుంది కదా, ఆ మరక. జల్‌పల్లి దారిలో ఒకసారి బండి ఆపి చాలాసేపు ఒక గుండు ముందు గొంతుకూర్చున్నాను. బర్రెలను తోలుకుపోతున్న ఒకాయన ఆగాడు.

"ఏమన్న పోయిందా తమ్మీ?"

"లేదన్నా. రాయి చూస్తున్న."

ఆయన రాయినీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ప్లాట్ల వెంచర్ ఏస్తున్నవా?"

ఆ పరిశీలనంతా పీట మీద పెట్టాను. రాయి రాయిలాగే వచ్చింది. కానీ ఏదో తక్కువైంది. ఆ రాయి బళ్లారిలో ఉండొచ్చు, బుందేల్‌ఖండ్‌లో ఉండొచ్చు. మా ఊరిది అని చెప్పే గుర్తు ఒక్కటీ లేదు. మా ఊరి రాయి అనుకుంటే నాకు ముందు గుర్తొచ్చింది ఒకప్పుడు బావి ఒడ్డున ఉన్న గ్రామదేవత, బాయికాడి మైసమ్మ.

దాని సంగతి చెప్పాలంటే ఆ రోజుల్లో మా ఇంట్లో ఉన్న పరేషాన్ గురించి చెప్పాలి. అక్కకు ఏడో నెల. పోయినసారి కడుపు నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దని డాక్టరమ్మ చెబితే మా ఇంటికి తెచ్చుకున్నాం. ముందు గదిలో మంచం వేశాం. అమ్మ పొయ్యి దగ్గరుంటే చెవి మంచం దగ్గర, మంచం దగ్గరుంటే కన్ను గడియారం మీద.

మా ఇంట్లో కాన్పు అంటే ముందు ముడుపు కట్టాలి. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల మూటకట్టి, కోరిక చెప్పుకుని, మైసమ్మ దగ్గర పెడతారు. కోరిక తీరాక ఆ ముడి విప్పి మొక్కు చెల్లిస్తారు. అక్క పుట్టకముందు, నేను పుట్టకముందు అమ్మ ముడుపులు కట్టింది మా చెల్క దగ్గర వ్యవసాయ బావి ఒడ్డున ఉండే మైసమ్మ రాయికే. తర్వాత చుట్టుపక్కల చెల్కలన్నీ ప్లాట్లయ్యాయి. బావి పూడ్చారు. ఆ మన్ను కింద రాయి ఎప్పుడు పోయిందో చూసినవాళ్లు లేరు. ఊరంతా కలిసి రోడ్డు పక్కన గద్దె కట్టి, టైల్స్ వేసి, ఇనుప జాలీ పెట్టి, కొత్త రాయిని నిలబెట్టారు. దానికి వెండి కండ్లు అతికించారు. అమ్మ ప్రతి ఆదివారం పోయి దీపం పెట్టి వస్తుంది. ముడుపు మాత్రం కట్టలేదు.

"ఇంక ఎప్పుడు కడ్తవ్ అమ్మా?" అని అక్క మంచం మీది నుంచే అడిగేది.

"కడ్త తియ్. పోయి నిలబడ్తనే ఉన్న. ఇంతింత కండ్లేసుకొని నా దిక్కే చూస్తది. నాకు మాట రాదు."

"దేవతతోని కూడ సిగ్గేనా నీకు?"

"సిగ్గు కాదు బిడ్డా. ఆమె నాకు తెల్వదు. నేనామెకు తెల్వదు. గిసొంటి మాట ఎట్ల చెప్తరు?"

ఆ మాటన్నప్పుడు అమ్మ నవ్వలేదు. బిడ్డ కోసం అడగాల్సింది ఉంది, అడగడానికి మనిషి దొరకడం లేదు అన్నట్టుంది ఆమె ముఖం.

నేను అప్పుడు రంగుల ధ్యాసలో ఉన్నాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ దగ్గర కూర్చుని, "అమ్మా, బాయికాడి మైసమ్మ రాయి ఎట్లుండె?" అని అడిగాను.

"ఎందుకురా?"

"ఊకెనే."

చేతిలో చిక్కుడుకాయ అట్లాగే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. మోకాలెత్తు. ఒక దిక్కు వంగి ఉండేది, ముసలామె నడుంలాగ. పసుపు ముందరే, వెనక రాయి రాయిలాగే. దీపం పెట్టే పక్క పొగచూరి, నూనె కారి నల్లగా ఉండేది. కింద తెల్ల సున్నం, ఎర్ర జాజు పట్టెలు.

"జాజు యాడిది?" అన్నాడు వాకిట్లో కూర్చున్న బాపు. "సున్నమే ఉండె."

"నువ్వెప్పుడు వంగి చూసినవ్? దూరంగ నిలవడి బీడీ తాగుతుంటివి."

"జాజు లేకుండె."

"ఉండె! నా చేత్తోని పెట్టిన నేను."

జాజు ఉన్నట్టే రాసుకుని, నా రాయిని ఒక దిక్కు వంగేలా ఇంకాస్త చెక్కాను.

పసుపు మీద నేను ఊహించనంత పని పడింది. వంటింటి పసుపే వేసి చూశాను, ఉండలు కట్టింది. పైగా పసుపు ఎండకు వెలిసిపోతుంది. రంగులతోనే వేయాలి. కానీ ఏ పసుపు? ఏళ్లుగా పూసిన పసుపు ఒక్క రంగులో ఉండదు. అడుగున పాత పొర కాషాయానికి దగ్గరగా, దాని మీద చెమట పట్టినట్టున్న పొర, పైన పోయిన ఆదివారం పూసిన లేత పొర. మధ్యలో పగుళ్లు, పగుళ్లలో రాయి. పుల్ల కొనతో కుంకుమ చుక్కలు పెట్టాను. కింద సన్న కుంచెతో తెల్ల పట్టె, ఎర్ర పట్టె. ఇదంతా నాకు రంగుల లెక్కే, మనసులో భక్తి గిక్తి ఏమీ లేదు. చివరగా దీపం పక్క నల్లరంగును నీళ్లలా పలచన చేసి ఒక్క పూత లాగాను.

అప్పుడు కుంచె కింద పెట్టేశాను. ఎందుకో చెప్పలేను. అంతవరకు ఆ రాయిని చేతిలో అటూ ఇటూ తిప్పుతూ పనిచేశాను. ఆ పూత తర్వాత దాన్ని తిప్పబుద్ధి కాలేదు. వెలుతురు బాగుంటుందని వంటింటి కిటికీ గూట్లో ఆరబెట్టి డ్యూటీకి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి గూట్లో స్టీలు పళ్లెం, పళ్లెంలో నా పీట, దాని ముందు వేపాకు రెమ్మ, పక్కన పీటకన్నా పెద్ద పసుపు గుడ్డ మూట.

"చెప్పులు ఆడ్నే ఇడువు," అంది అమ్మ.

"అమ్మా, గిదేంది?"

"ముడుపు."

"గిది నా పనమ్మా. ఆదివారం తీస్కపోవాలె."

"ఎట్ల తీస్కపోతవ్? మీ అక్కకు కాన్పయ్యేదాంక ఆమె కదలది."

"ఆమె కాదమ్మా అది. ఫోమ్. టీవీ డబ్బాలల్ల వస్తది చూడు, గసొంటిది."

"మన్నుతోని చేసిన గణపతికి మొక్కుతలేవా? బాలాపూర్ లడ్డు వేలంపాట చూస్తనని పొద్దుగాల లేచి ఉరికితివి."

"గది వేరే."

"ఏం వేరే?" అమ్మ నా దగ్గరికి వచ్చి వేలితో చూపించింది, తాకకుండా. "గీ పక్క గంటు ఉన్నది చూడు. నాగలి తాకి పడ్డది, మా అత్త ఉన్నప్పుడు. నీకు నేను చెప్పలే గది. ఎట్ల పెట్టినవ్?"

చెక్కేటప్పుడు బ్లేడు జారింది అక్కడ. పూడుద్దామనుకుని, బాగానే ఉందని వదిలేశాను. ఆ మాటే చెప్పాను.

"జారింది గద, మరి!" అంది అమ్మ, నేను ఆమె వైపే సాక్ష్యం చెప్పినట్టు. ముందు గదిలో మంచం మీద అక్క కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఆ రోజు అమ్మ కన్ను గడియారం మీద లేదు.

మిత్రుడికి ఫోన్లో చెబితే నమ్మలేదు. సెలవు రోజు పొద్దున్నే సైనికుణ్ణి దూదిలో చుట్టి, లంచ్ బాక్సులో పెట్టుకుని వచ్చాడు. అమ్మ చాయ ఇచ్చింది.

"ఆంటీ, ఒక్క రోజండీ. పొద్దున్న తీసుకెళ్లి సాయంత్రానికల్లా తెచ్చేస్తాం. చాలా జాగ్రత్తగా తెస్తామండీ."

"ఏది, ఈయన్ని చూడనియ్." అమ్మ సైనికుణ్ణి అరచేతిలో పెట్టుకుని మెచ్చుకోలుగా చూసింది. "మీసాలు కూడ పెట్టినవ్ బిడ్డా. కాలు ఏడ పెడ్తడు?"

"ఇక్కడండీ. ఈ రాయి భుజం మీద..." అంటూనే వాడి గొంతు తగ్గింది.

"మీ దిక్కు గంగానమ్మ ఉంటది గద?"

"ఉంటుందండీ."

"ఆమె భుజం మీద పెడ్తరా కాలు?"

వాడు చాయ గ్లాసులోకి చూశాడు. కాలు నిలవడానికి రాయికి రంధ్రం చేసి తీగ గుచ్చాలన్న సంగతి ఇద్దరం ఎత్తలేదు. అవతలి గదిలోంచి అక్క అరిచింది: "నన్ను నవ్వియ్యకుండ్రి! నవ్వితె కడుపు గుంజుతున్నది!"

బయట బండి దగ్గర వాడు నన్ను పట్టుకున్నాడు.

"ఆ పసుపు వెయ్యకపోతే ఏం పోయేదిరా నీకు?"

"రాయి ఏ ఊరిదో తెల్వకపోతుండె."

"ఇప్పుడు బాగా తెలిసింది."

ఇంకో పీట చేయాలి, ఆదివారంలోపు. చేయడం కష్టం కాదు, పొరలన్నీ తెలిసినవే. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఎక్కడ ఆపాలి? ఎన్నో పూత దగ్గర రాయి మైసమ్మ అవుతుంది? షెడ్డులో ఒక్కో పొర అయ్యాక పైవాళ్లను పిలిచి చూపించి ముందుకు పోతాం. అట్లాగే అమ్మను పిలిచాను.

బూడిద రంగు అయ్యాక చూపించాను. "రాయి," అంది.

నీటి చారలు, కింద ఎర్ర మరక అయ్యాక చూపించాను. "రాయే."

అడుగున కొంచెం సున్నం తగిలించాను. అమ్మ ఆలోచించింది. కళ్లు చికిలించి దగ్గరికి వంగింది. "ఎవలన్న గోడకు సున్నమేస్తుంటే చిందినట్టున్నది. రాయే."

కుంచె కొనకు పసుపు తీసుకుని రాయి దగ్గరకు తెచ్చాను.

"ఇగ ఆపు," అంది.

"ఒక్క చుక్కకేనా?"

"చుక్క పడ్డదంటె మొక్కనీకి నా చెయ్యి లేస్తది. ఇగ నేనేం జేయాలె?"

అది ఆమెకు తెలిసినంతలో నిజమైన జవాబు. నేను ఇంకా అడిగాను. పసుపు బదులు అదే రంగు ఆకు రాలి పడితే? లేవదు. ఎవరో పెయింటు డబ్బా తన్ని పసుపు ఒలికితే? "ఒలికినదాన్ని బట్టి," అంది అమ్మ. ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగాయి.

కుంచె కడిగేశాను. ఎండిన గడ్డికి కొబ్బరి పీచు కత్తిరించి నాటాను. రాయి పక్కన ఒక తుమ్మ ముల్లు రెమ్మ పెట్టాను. అమ్మ చివరిసారి చూసి, "కాలు పెట్టుకొమ్మను," అని సైనికుడికి అనుమతి ఇచ్చింది.

ఆదివారం మాకు బహుమతి ఏమీ రాలేదు. వాడు పెట్టిన వెలుగు చుక్కను చాలామంది భూతద్దంతో చూశారు. ఒకాయన మాత్రం టార్చి వేసి రాయి అడుగు చూసి, కింద ఎరుపెందుకు పాకింది, రంగు కారిందా అని అడిగాడు. వాన చిమ్మిన మట్టి అని చెప్పాను. ఇంటికి పోయేటప్పుడు దారిలో గుండ్లను చూస్తానన్నాడు. తిరుగు దారిలో ఆరాంఘర్ దగ్గర సిగ్నల్‌లో మిత్రుడు వెనక నుంచి, "మీ వంటింట్లో ఉన్నది పెట్టి ఉంటేనా..." అన్నాడు.

"ఆఁ, పెట్టి ఉంటే?"

"ఏం లేదులే. పోనియ్."

నెలలు నిండాకే అక్కకు నొప్పులు వచ్చాయి. దవాఖాన వరండాలో బాపు నిలబడ్డ చోట నిలబడలేదు. అమ్మ ఒక్కతే కుర్చీలో కదలకుండా కూర్చుంది. నర్సు వచ్చి ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారని చెప్పినప్పుడు అమ్మ ముందు బిడ్డను చూడాలనలేదు. "గూట్ల దీపం ఆరిందో ఏమో, పోయి చూసిరా," అంది నాతో. పోయి చూశాను. వెలుగుతూనే ఉంది. కొంచెం నూనె పోసి వచ్చాను.

పురుడు తీరాక ఒక ఆదివారం అమ్మ బోనం వండింది. మొక్కు గూటి ముందే చెల్లిస్తుందనుకున్నాను. కానీ టిఫిన్ డబ్బాలో పాత చీర ముక్క పరిచి, అందులో నా పీటను పెట్టి, ముడుపును కొంగున కట్టుకుని, "బండి తియ్," అంది.

"యాడికి?"

"రోడ్డు మీదికి. కొత్తామె కాడికి."

బోనం ఒడిలో పెట్టుకుని వెనక కూర్చుంది. గద్దె దగ్గర జాలీ తలుపు తీసి, బోనం దించి, దీపం వెలిగించింది. ముడుపు ముడి విప్పి బిళ్లను గద్దె మీద పెట్టింది. ఆ తర్వాత డబ్బా తెరిచి నా పీటను తీసి, పెద్ద కండ్ల రాయికి ఎదురుగా, ముఖాముఖిగా నిలబెట్టింది.

"ఏం చేస్తున్నవమ్మా?"

"చూపిస్తున్న."

"ఎవలకు ఎవలను?"

"ఒకరికొకరిని. ఇన్నొద్దులు ఒక్క ఊర్ల ఉండి ఎరుక లేకపోతె ఎట్ల?"

దీపం ఒత్తి ఎగదోసింది. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టింది. పిల్ల జుట్టు ఒత్తుగా ఉందని, ముక్కు మాత్రం అల్లుడి దిక్కోళ్లదని, అక్కకు ఇంకా నడుం నొప్పి తగ్గలేదని. ముందు చిన్న రాయి వైపు తిరిగి చెప్పింది. చెబుతూ చెబుతూ పెద్దదాని వైపు తిరిగింది. నేను జాలీ అవతల నిలబడి, ఏ మాట దగ్గర తిరిగిందో కనిపెడదామని చూశాను. మీదుగా విమానం దిగుతూ పోయింది, ఆ మోతలో రెండు మూడు మాటలు పోయాయి. అమ్మ ఆగలేదు.

మాట్లాడడం అయ్యాక పీటను కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"ఇగ నీ పని నువ్వు చేస్కో."

"అంటే? కాలు పెట్టొచ్చునా?"

"ఆమె గీడ ఉంటనన్నది. దీన్ల ఇప్పుడు నీ రంగే ఉన్నది."

పీటను వెలుతురులోకి తిప్పి చూశాను. అడుగున కాషాయం, దాని మీద పసుపు, పగుళ్లలో బూడిద, దీపం పక్క పొగ. ఒక్క పొర కూడా మారలేదు. వెనక నుంచి, ముందు నుంచి, గంటు ఉన్న పక్క నుంచి చూశాను. పోయింది ఏదో, ఎక్కడి నుంచి పోయిందో నాకు దొరకలేదు. "నీకెట్ల తెలుస్తదమ్మా?" అని అడుగుదామని తలెత్తాను.

అమ్మ అప్పటికే చెప్పులు మళ్లీ విడిచింది.

"జర ఆగు. ఇంకో మాట యాదికొచ్చింది," అని జాలీ లోపలికి పోయి, పెద్ద కండ్ల రాయి పక్కన గద్దె అంచు మీద కూర్చుంది. ఏం చెబుతోందో ఇక్కడికి వినబడలేదు. చాలా పెద్ద మాటే ఉన్నట్టుంది. నేను బండికి స్టాండు వేసి, టిఫిన్ డబ్బా మూత పెట్టి నిలబడ్డాను.